వానలు వెళ్ళాక వచ్చిన నీళ్ళు

క్రిందటి నెల ఉల్లిగడ్డల ధరను గూర్చి వ్రాసి కొందరు సోదరీమణుల మెప్పు పొందాను. ఈ నెల చేపల సంగతి. శాకాహారులైన చదువరులు నన్ను మన్నించి, నీళ్ళ సంగతి వరకైనా చదువుదురు గాక.

కార్తీకంలో మా ఇంట నీచు వండరు. మార్గశిరం వస్తే గురువారాలు నిషిద్ధం. అందుచేత కార్తీకం వెళ్ళిన మొదటి ఆదివారం, తెల్లవారక ముందే నాందేడులో రైలెక్కి, ముద్‌ఖేడ్, ఉమ్రీ దాటి ధర్మాబాదులో దిగాను. అక్కడ మా మేనమామ వున్నాడు. డెబ్బయి దాటిన మనిషి. గాలం పట్టడంలో ఆ చుట్టుప్రక్కల ఆయనంతవాడు లేడని మా అమ్మ చెప్పుకునేది. వెదురు కర్రలు రెండు, డబ్బాలో ప్రాణంతో వున్న పరిగెలు సిద్ధం చేసుకుని నా కోసం అరుగు మీద కూర్చుని వున్నాడు.

మేము వెళ్ళింది వాలుగ కోసం. పొలుసు లేని చేప అది. నోరు కంటి వెనుక దాకా చీలి వుంటుంది. లోపల సన్నని పళ్ళు వరుసలు వరుసలుగా వుంటాయి కనుక దారానికి చివర జానెడు ఇనుప తీగ కట్టకపోతే ఎరా దక్కదు, గాలమూ దక్కదు. మీటరు పొడవు దాకా పెరగడం మామూలే. పగలు లోతున, గట్టు నీడన మాటు వేసి, చీకటి పడ్డాక వేటకు బయలుదేరుతుంది. ఐరోపా వారు చలికాలంలో గాలం వేసే పైక్ చేప కూడా ఇలాగే మాటు వేసే జాతి. వాలుగలు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. ముప్పులో వున్న జాతుల జాబితాలో చేర్చారు కూడా. ఆ మాట మామతో అంటే, “జాబితా రాసినోళ్ళు గోదారి చూసిన్రా?” అన్నాడు.

నా చిన్నతనంలో దీపావళి దాటితే గోదావరి పాయలుగా చీలి, బండల మధ్య మడుగులు మిగిలేవి. ఏ బండ క్రింద చేప పడుకుంటుందో మామకు కంఠస్థం. ఇప్పుడక్కడ బాబ్లీ బ్యారేజి వున్నది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు దాని గేట్లు ఎత్తి వుంచాలి. మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీరు క్రిందికి వదలాలి. దాని కడుపు 2.74 టి.ఎం.సి.లు. అంటే వానాకాలంలో పారిపోయే నది, గేట్లు దించిన తరువాత చలికాలంలో నిండుతుందన్నమాట. రైతుకు మేలే, కాదనను. వాలుగను మాత్రం ఎవరూ సాక్ష్యం పిలవలేదు.

దానికి తోడు ఆ వారం పైన అకాలవర్షం పడింది. నీళ్ళు ఎర్రబారి, ఒడ్డున వున్న తుమ్మచెట్ల మొదళ్ళు ముంచి నిలిచాయి. మామ బండ నడుము లోతున వున్నది.

“వద్దు మామా” అన్నాను.

“నలభై ఏండ్ల సంది నిలవడ్డ బండ అల్లుడా. కండ్లు మూసుకొని ఎక్కుత” అంటూ పంచె ఎగ్గట్టి దిగాడు. పెద్దవాడు, ఏమనగలను? ఆఫీసులో పై అధికారుల ముందు నోరు మూసుకునే అలవాటు అక్కడా పనికివచ్చింది.

మూడు గంటలు గడిచాయి. ఆయన బెండు కదలలేదు. ఒడ్డునే వున్న నేను మునిగిన గడ్డిలో చిన్నచేపల గుంపు చూసి, తుమ్మల ప్రక్కన గాలం వేశాను. కాసేపటికి బెండు ఒక్కసారిగా మునిగింది. కర్ర విల్లులా వంగింది. “మామా!” అని కేక వేశాను. ఆయన గబుక్కున ఇటు తిరిగాడు. కాలు జారింది. చూస్తుండగానే మెడ దాకా నీళ్ళు. పంచె కాళ్ళకు చుట్టుకున్నది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా వ్రాయాలి. ఆ క్షణంలో నేను మామ వైపు కాదు, బెండు మునిగినచోటి వైపు చూశాను. ఎంతసేపో చెప్పలేను. తక్కువేనని నా భార్య అంటుంది. ఆమె అక్కడ లేదు. తరువాత కర్ర వదిలి, నడుము లోతుకు దిగి, తువ్వాలు విసిరి లాగాను. వెదురు కర్ర నిటారుగా లేచి, ఒకసారి తల ఊపి, తుమ్మల చాటుకు వెళ్ళిపోయింది.

పత్తికట్టె మంట వేసి ఆయనను కూర్చోబెట్టాను. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఐనా మొదటి మాట, “కర్రేది?”

“తీగ తెగింది మామా” అన్నాను. కర్రను అడిగితే తీగ సంగతి చెప్పాను. ఆయన నా ముఖం చూసి, ఏమీ అనకుండా పంచె అంచు మంటకు పట్టాడు. చాలాసేపటికి అడిగాడు:

“ఏడ పట్టింది?”

“తుమ్మల కాడ.”

“మోకాలు లోతున?”

“ఆఁ.”

నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. “ఐతే ఒడ్డుకొచ్చిందన్నట్టు” అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు తుమ్మచెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ నడిచాడు.

ఇంట్లో అత్తయ్యతో మాత్రం జారిపడింది నేనేనని చెప్పాడు. ఆయన పంచె అప్పటికి ఆరింది. నా ప్యాంటు ఇంకా తడిసే వుండడంతో ఆమె నమ్మి, నన్ను చీవాట్లు పెట్టి, ముందు నాకే టీ ఇచ్చింది.