ఇంటి కంప్యూటరుకు టీవీ తెర

మా తల్లిగారికి ఎనభై ఏండ్లు నిండాయి. కంటి లోపలి పొర దెబ్బతిన్నదని, అద్దాలు మార్చినంత మాత్రాన చూపు మెరుగుపడదని రెండేండ్ల క్రితం వైద్యులు తేల్చి చెప్పారు. ఎదుటి వస్తువు పెద్దదిగా, దగ్గరగా ఉంటే ఆమె పోల్చుకోగలరు. చిన్నదైతే అంతా మసకే. మా తమ్ముడు పదకొండేండ్లుగా దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం వీడియో కాల్ చేస్తాడు. ఫోను చేతికిస్తే ఆమె దానిని చెవికి ఆనించుకునేవారు. “ముఖం చూడు అమ్మీ” అని వాడంటే, “నీ గొంతు వినబడుతోంది కదా బేటా, చాలు” అనేవారు. ఆ ‘చాలు’ అన్న మాట మమ్మల్ని ఎంతో బాధించేది.

మదరసా ప్రశ్నపత్రాలు తయారు చేసుకోవడానికి మేము వాడే పాత కంప్యూటరు ఒకటి ఇంటిలో ఉంది. హాలులో 43 అంగుళాల టీవీ ఉంది. ఈ రెండింటినీ కలపవచ్చునన్న ఆలోచన మాకు ఆలస్యంగానే కలిగింది. ఆ పనిలో మేము చేసిన పొరపాట్లు పాఠకులకు తప్పాలన్న ఉద్దేశంతో ఈ నెల ఈ విషయమే రాస్తున్నాము.

మొదట చేయవలసిన పని దుకాణానికి వెళ్ళడం కాదు. కంప్యూటరు వెనుక భాగాన్ని, టీవీ వెనుక భాగాన్ని శ్రద్ధగా పరిశీలించడం. ఇటీవలి యంత్రాలన్నింటిలో సాధారణంగా హెచ్‌డీఎంఐ అనే రంధ్రం ఉంటుంది. అది సన్నగా, పలకగా, కింది వైపు మూలలు కొంచెం లోపలికి నొక్కినట్లుగా కనిపిస్తుంది. బొమ్మను, శబ్దాన్ని రెండింటినీ ఒకే తీగ మోసుకుపోవడం దీని ప్రయోజనం. రెండు వైపులా ఇదే ఉంటే ఒక్క హెచ్‌డీఎంఐ తీగతో పని పూర్తవుతుంది. పాత కంప్యూటర్లలో వీజీఏ రంధ్రం ఉంటుంది. ఎక్కువగా నీలం రంగులో, మూడు వరుసలలో 15 చిన్న రంధ్రాలతో ఉండేది అదే. అది బొమ్మను మాత్రమే పంపుతుంది. శబ్దానికి వేరే తీగ కావాలి.

మా కంప్యూటరుకు వీజీఏ మాత్రమే ఉంది, టీవీకి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంది. మధ్యలో మార్పిడి చేసే చిన్న పరికరం దొరుకుతుందని తెలిసి కొనుక్కొని వచ్చాము. తగిలించాము. తెర నల్లగానే ఉండిపోయింది. రెండు రోజులు తీగలు పీకి పెట్టిన తర్వాత, ఇంటర్ చదివే మా మేనల్లుడు పరికరం మీది అక్షరాలు చదివి, “మామూజాన్, ఇది హెచ్‌డీఎంఐ నుండి వీజీఏకు మార్చేది. మనకు కావలసింది దీనికి తలకిందులు” అన్నాడు. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి గాని, ఒకటి చేసే పని మరొకటి చేయదు. కనుక దుకాణంలో “కంప్యూటరు వైపు వీజీఏ, టీవీ వైపు హెచ్‌డీఎంఐ” అని విడమరచి చెప్పాలి. శబ్దం కోసం అదనపు తీగ, విద్యుత్తు కోసం యూఎస్‌బీ తీగ ఉన్న పరికరాన్నే తీసుకోవాలి.

మరో సంగతి. కొన్ని కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డు విడిగా అమర్చి ఉంటుంది. అప్పుడు వెనుక రెండు చోట్ల హెచ్‌డీఎంఐ రంధ్రాలు కనిపిస్తాయి. తీగను ఆ కార్డుకు ఉన్న రంధ్రంలోనే పెట్టాలి. రెండవ దానిలో పెడితే చాలాసార్లు బొమ్మ రాదు. తీగ పొడవు అవసరానికి తగినంతే ఉండాలి. సాధారణ గదికి మూడు మీటర్లు చాలు.

తీగలు తగిలించే ముందు రెండు యంత్రాల ప్లగ్గులనూ గోడ నుండి తీసివేయండి. కంప్యూటరు ప్లగ్గుకు మూడవ పుల్ల ఉండేది ఎర్తింగు కోసం. ఎర్తింగు సరిగా లేని ఇండ్లలో కంప్యూటరు ఇనుప పెట్టెను తాకితే చేతికి జివ్వుమంటుంది. ఆ స్థితిలో తీగలు గుచ్చితే టీవీలోని రంధ్రం పాడయ్యే ప్రమాదం ఉంది. ముందుగా ఎలక్ట్రీషియను చేత ఎర్తింగు సరిచేయించుకోవాలి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు కేబుల్ తీగతో సహా అన్నింటినీ ఊడదీయడం మంచిది.

అన్నీ తగిలించి, యంత్రాలను ఆన్ చేసిన తర్వాత టీవీ రిమోటులో ‘సోర్స్’ లేదా ‘ఇన్‌పుట్’ మీట నొక్కి, తీగ పెట్టిన హెచ్‌డీఎంఐ సంఖ్యను ఎంచుకోవాలి. విండోస్ కంప్యూటరులో విండోస్ గుర్తు ఉన్న మీటను పట్టుకొని ‘పి’ అక్షరం నొక్కితే నాలుగు మార్గాలు కనిపిస్తాయి. ‘డూప్లికేట్’ అంటే రెండు తెరల మీదా ఒకే బొమ్మ. ‘ఎక్స్‌టెండ్’ అంటే టీవీ రెండవ తెరగా మారడం. బొమ్మ వచ్చి శబ్దం కంప్యూటరు నుండే వస్తుంటే, తెర కింద కుడి మూలనున్న స్పీకరు గుర్తు నొక్కి టీవీ పేరును ఎంచుకోవాలి. వీజీఏ వారికి పరికరానికి ఇచ్చిన శబ్దపు తీగను కంప్యూటరు హెడ్‌ఫోను రంధ్రంలో పెట్టడం కూడా మరువరాదు. బొమ్మ అంచులు తెగిపోయినట్లుంటే లోపం తీగది కాదు. టీవీ పిక్చర్ సెట్టింగులలో ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ వంటి పేరుతో ఉండే దానిని ఎంచుకుంటే సరిపోతుంది. అక్షరాలు మరీ చిన్నవిగా ఉంటే డిస్‌ప్లే సెట్టింగులలో ‘స్కేల్’ను 150 శాతానికి పెంచవచ్చు.

వీడియో కాల్ కోసం యూఎస్‌బీ కెమెరాను టీవీకి పైన, మధ్యలో పెట్టాలి. అప్పుడే మాట్లాడేవారు ఎదుటివారి వైపు చూస్తున్నట్లు కనిపిస్తారు. టీవీ శబ్దం మరీ ఎక్కువైతే అది మైకులో పడి అవతలివారికి వారి మాటలే తిరిగి వినిపిస్తాయి. శబ్దం తగ్గించి, మైకును పెద్దవారి దగ్గర ఉంచాలి.

హాలులోని పెద్ద తెరకు ఒక మర్యాద కూడా ఉంది. డూప్లికేట్ మార్గంలో మనకు వచ్చే సొంత సందేశాలు, బ్యాంకు వివరాలు ఇంటిల్లిపాది ముందు, అతిథుల ముందు ప్రత్యక్షమవుతాయి. నోటిఫికేషన్లను ముందే ఆపివేయాలి. కెమెరా తెరిచే ముందు ఇంటిలోని స్త్రీలకు తెలియజేయాలి. కాల్ ముగియగానే కెమెరాను తీసివేయాలి. అది అలా తెరిచి ఉండిపోతే ఇంటి గోడకు కిటికీ పెట్టినట్లే.

మొదటి శుక్రవారం అమ్మీ కుర్చీని తెరకు నాలుగడుగుల దూరంలో వేశాము. తమ్ముడు తెర మీదికి వచ్చి సలాం చెప్పాడు. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, “నీ గడ్డం ఇంతగా ఎప్పుడు నెరిసింది బేటా?” అన్నారు. మూడేండ్లుగా నెరుస్తూనే ఉంది. మా అందరికీ తెలుసు. ఆమెకు ఎవరమూ చెప్పలేదు. తింటున్నావా, నిద్రపోతున్నావా, కళ్ళ కింద ఆ నలుపు ఏమిటి అంటూ ఆమె ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. గొంతుతో దాచగలిగినవన్నీ వాడు ముఖంతో దాచలేకపోయాడు. రంజాన్‌కు ముందే సెలవు పెట్టి వస్తానని ఆ రోజే మాట ఇచ్చాడు.

మీ ఇంటిలోనూ చూపు తగ్గిన పెద్దవారు ఉండవచ్చు, దూరదేశంలో బిడ్డ ఉండవచ్చు. కొత్త టీవీ, కొత్త కంప్యూటరు కొనవలసిన పనిలేదు. ఉన్న రెండింటి వెనుక భాగాలను ఒకసారి చూడండి. ఏ రంధ్రం ఎక్కడ ఉందో కాగితం మీద రాసుకొని, ఆ తర్వాతే దుకాణానికి వెళ్ళండి.