గోడ కట్టే ముందు

ఈసారి మా ఇంటి సంగతితోనే మొదలుపెడుతున్నాను. మా చెల్లెలు కూతుర్ని తీసుకుని అత్తవారింటి నుంచి వచ్చేసింది. గుంటూరులో అమ్మ పేరున ఉన్న పాత డాబా మీద తనకో గది, చిన్న వంటిల్లు, వీధిలోంచి విడిగా మెట్లు వేద్దామనుకున్నాం. ప్లాను గీయించాం. మునిసిపల్ అనుమతి వచ్చింది. ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదనుకున్నాను. ఇటుకలు దిగిన రోజున గానీ నా పొరపాటు నాకు తెలియలేదు.

పడమటింటి పిన్నిగారు అప్పడాలు ఒత్తి, అమ్ముకుని బతుకుతారు. "అమ్మాయ్, మీ గోడ లేస్తే పొద్దుటి ఎండ నా దొడ్లోకి రాదు. ఆరని అప్పడం ఎవరు కొంటారు?" అన్నారు. సాయంత్రం వీధి పెద్దలు ముగ్గురు వచ్చారు. వాళ్ళకి ఎండతో పనిలేదు. "విడిగా మెట్లెందుకమ్మా? మొగుణ్ణి వదిలొచ్చిన పిల్ల. ఎవరొస్తారో, ఎవరు పోతారో! మెట్లు లోపల్నుంచే పెట్టించండి" అన్నారు.

రెండూ ఇరుగుపొరుగు అభ్యంతరాలే. కానీ రెండూ ఒకటి కావు. మొదటిది ఒక స్త్రీ బతుకుతెరువు. రెండోది మరో స్త్రీ మీద కాపలా.

పిన్నిగారికి చట్టం అండగా ఉంటుందేమోనని చూశాను. ఒక భవనంలోకి ఇరవై ఏళ్ళపాటు ఆటంకం లేకుండా వెలుతురు, గాలి వస్తూ ఉంటే అది హక్కవుతుందని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఖాళీ స్థలంలోకి వచ్చే వెలుతురుకీ గాలికీ అలాంటి హక్కు రాదని 17వ సెక్షన్ చెబుతోంది. అంటే హాల్లో కిటికీకి చట్టంలో చోటుంది, దొడ్లో ఆరేసిన అప్పడాలకు లేదు. ఆడవాళ్ళ పనిలో ఎంత భాగం దొడ్లో, అరుగు మీద, ఆరుబయట జరుగుతుందో మనకు తెలుసు. ఆ చోట్లను పనిచోట్లుగా చట్టం చూడలేదు. అనుమతి కాగితం చేతిలో పట్టుకుని నేనూ చూడలేదు.

గదిని డాబా తూర్పు అంచుకు జరిపాం. కింద గోడలేని చోట బీము వేయాల్సి వచ్చింది. మార్చిన ప్లానుకు మళ్ళీ అనుమతి తెచ్చుకున్నాం. ఖర్చూ పెరిగింది, ఆలస్యమూ అయింది. అయితే ఇప్పుడు కిటికీ తూర్పింటివారి నీళ్ళగది వైపు పడింది. ఆ ఇంటి కోడలు మా ఇంటికొచ్చి నోరు తెరిచి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆ గోడకు తలకంటే ఎత్తులో వెంటిలేటరు మాత్రం ఉంచి, పెద్ద కిటికీ వీధి వైపు పెట్టించాం. పిన్నిగారికి ఇప్పుడూ కొంత నీడ పడుతోంది. ఎండెక్కేవరకు మా డాబా మీద ఆరేసుకోమన్నాం.

మెట్లు మాత్రం మార్చలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ ఒకటి ఉండేది. కుటుంబం కాపురముంటున్న ఇంట్లో మగ వారసులు పంపకానికి సిద్ధపడేదాకా ఆడ వారసులు తమ వాటా విడదీయమని అడగకూడదనేది. కూతురు పెళ్ళికానిదో, భర్త వదిలేసినదో, భర్త నుంచి విడిపోయినదో, వితంతువో అయితే అందులో ఉండనిచ్చేది, అంతే. 2005 సవరణతో ఆ సెక్షన్ పోయింది. మా వీధి పెద్దల మాటల్లో మాత్రం అది ఇంకా బతికే ఉంది. వాళ్ళకి కాఫీ ఇచ్చి, "మురుగునీరు మీ వైపు పారితే చెప్పండి, సరిచేస్తాం. మా చెల్లెలి రాకపోకలు మీ లెక్కలోవి కావు" అని చెప్పాం. ఇద్దరు మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మూడో ఆయన మాతో ఇప్పటికీ పలకరు.

హక్కుల కోసం పనిచేసే మనం ఇరుగుపొరుగును రెండు రకాలుగా చూస్తుంటాం: ఒకటి శత్రువుగా, లేదంటే లొంగిపోవాల్సిన లోకంగా. రెండూ తప్పే. ప్లాను గీయించకముందే పక్కింటికి వెళ్ళాలి. అరుగు మీది మగవాళ్ళతో మాట్లాడి వచ్చేయకుండా, లోపల పనిచేసుకుంటున్న ఆడవాళ్ళను అడగాలి. ఎండ, గాలి, నీళ్ళు, చాటు, పసిపిల్లల నిద్ర, ఇవి వాళ్ళు చెబితేనే తెలుస్తాయి. వాటికోసం గోడను ఎంతైనా జరపొచ్చు. ఒక స్త్రీ తన గుమ్మం తాను తెరుచుకునే స్వేచ్ఛను మాత్రం అంగుళం కూడా జరపకూడదు.