మూడో అంకె అడగండి

"నూటికి రెండు రూపాయల వడ్డీ" అనగానే అప్పు తీసుకునేవాళ్ళు తలూపేస్తారు. నెలకు రెండంటే ఏడాదికి నూటికి 24. వెయ్యి రూపాయలకు 240. ఇంతవరకు అందరికీ నోటికి వచ్చిన లెక్కే. చిక్కంతా ఆ తరువాతనే ఉంది.

వెయ్యి రూపాయల బాకీ ఏడాది తిరిగేసరికి 1,240 అవుతుంది. బారువడ్డీ అయినా అంతే, ఏడాదికొకసారి కట్టే చక్రవడ్డీ అయినా అంతే. ఈ మొదటి రెండు అంకెలూ చూసి ఏది ఏదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. రెండో ఏడు చివర గాని గుట్టు బయటపడదు. బారువడ్డీ అయితే 1,480. చక్రవడ్డీ అయితే 1,537 రూపాయల 60 పైసలు. ఎక్కువైన ఆ 57 రూపాయల 60 పైసలూ మొదటి ఏటి 240 మీద పడిన వడ్డీ అన్నమాట.

మన పిల్లలు బడిలో చదివే అంకశ్రేఢి, గుణశ్రేఢి ఇవే. పక్కపక్క అంకెలను తీసివేస్తే ఎప్పుడూ ఒకే తేడా వస్తే అంకశ్రేఢి. భాగిస్తే ఎప్పుడూ ఒకే నిష్పత్తి, ఇక్కడ 1.24, వస్తే గుణశ్రేఢి.

పదేళ్ళ తరువాత బాకీ ఎంతో తెలియాలంటే ఏటేటా రాసుకుంటూ పోనక్కరలేదు. అసలు వెయ్యి మొదటి అంకె గనుక పదేళ్ళ నాటిది పదకొండోది. పందిరికి పదకొండు రాటలు వరసగా పాతితే మధ్య సందులు పదే గదా! అలాగే కావలసిన అంకె ఎన్నోదో చూసి, అందులోంచి ఒకటి తగ్గించండి. అంకశ్రేఢి అయితే అన్నిసార్లు తేడాను మొదటి అంకెకు కలపండి. గుణశ్రేఢి అయితే అన్నిసార్లు నిష్పత్తితో హెచ్చవేయండి. సూత్రమంతా ఇంతే.

బారువడ్డీకి వెయ్యికి పది 240లు కలిపితే 3,400. చక్రవడ్డీకి పదిసార్లు హెచ్చవేయాలా అని బెదరకండి. 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దీనికి దగ్గరదారి చెప్పాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన మనకు తెనిగించి పెట్టాడు. పదిలో సగం ఐదు. ఐదులో ఒకటి తీస్తే నాలుగు. అందులో సగం రెండు. ఇప్పుడు కిందినుంచి పైకి రండి. 1.24ను దానితోనే హెచ్చిస్తే 1.5376. దాన్ని మళ్ళీ దానితోనే హెచ్చిస్తే 2.3642. ఇంకొక్కసారి 1.24తో హెచ్చిస్తే 2.9316. దాన్ని దానితోనే హెచ్చిస్తే సుమారు 8.594. నాలుగు హెచ్చవేతలతో పదీ పూర్తయినాయి. బాకీ 8,594 రూపాయలు!

అసలు ఒకటే, రేటు ఒకటే, గడువు ఒకటే. తేడా మాత్రం అయిదు వేల పైచిలుకు. అంచేత నోటు మీద సంతకం పెట్టేముందు, మొహమాటపడకుండా "రెండో ఏడు చివరకు ఎంత అవుతుందండీ?" అని అడగండి. బాంకులో డబ్బు దాచుకునేటప్పుడూ ఇదే ప్రశ్న వేయండి. అక్కడ మాత్రం పెద్ద అంకె చెబితే సంతోషించండి.