యంత్రయుగమున గ్రంథపాలకుడు

నలుబది సంవత్సరముల క్రిందట గ్రంథాలయోద్యోగమున ప్రవేశించినవారు తొలుత నేర్చిన పని యాక్సెషన్ రిజిస్టరులో గ్రంథసంఖ్య వేయుట. అయిదంగుళముల పొడవు, మూడంగుళముల వెడల్పు గల కార్డుపై గ్రంథకర్త పేరు, గ్రంథనామము, వర్గసంఖ్య వ్రాయుట. ఆ కార్డులను సొరుగులలో అకారాదిక్రమమున పేర్చుట. పిమ్మట టైపుమిషను వచ్చినది. ఆ వెనుక కంప్యూటరు, బార్‌కోడు వచ్చినవి. నేడు గ్రంథసూచి పాఠకుని చేతిలోని ఫోనుపైననే తెరచుకొనుచున్నది. ఒక్క ఉద్యోగకాలములో ఇన్ని పనిముట్లు మారిన వృత్తులు అరుదు.

వయస్సు మళ్లిన గ్రంథపాలకుడు యంత్రమునకు పనికిరాడని కొందరందురు. యంత్రమే గ్రంథాలయమునకు పనికిరాదని మరికొందరందురు. ఈ రెండును సమంజసములు కావు. గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణి యని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే తన పంచసూత్రములలో చివరిదిగా ప్రకటించెను. మన గ్రంథాలయోద్యమమును నూతన సాధనములకు వెరచినది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పినవారి ధ్యేయము గ్రంథము పాఠకునికి చేరుటయే. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో గ్రంథములను పల్లెలకు పంపిరి. నాటి పడవకు లేని దోషము నేటి కంప్యూటరునకు ఎక్కడిది?

అయితే యంత్రమును నడుపువారు గమనింపవలసిన విషయ మొకటి కలదు. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర నుండును. మనకు మొదట నుండును. వారి వాడుకకు కుదిర్చిన పద్ధతిని కన్ను మూసికొని అనుసరించినచో పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు 'రావు' క్రింద చేరుదురు. తెలుగునాట రావులెందరు, శాస్త్రులెందరు! శ్రీశ్రీయే శ్రీరంగం శ్రీనివాసరావనియు, ఆరుద్రయే భాగవతుల సదాశివశంకరశాస్త్రి యనియు యంత్రమునకు తనంతట తెలియదు. తాతామనుమలైన వేదము వేంకటరాయశాస్త్రు లిరువురును దానికి ఒక్కరే. పాత గ్రంథపాలకుడు 'చూడుము' అను చిన్న కార్డుతో ఈ చిక్కులన్నియు విప్పుచుండెడివాడు.

ఇది ఊహామాత్రము కాదు. ఈ శతాబ్దారంభమున డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట వేలకొలది తెలుగు గ్రంథముల పుటలు అంతర్జాలమున కెక్కినవి. అది మహోపకారము. కాని గ్రంథనామములు రోమను లిపిలో, పెక్కుచోట్ల తప్పులతో నమోదగుటచే, ఉన్న గ్రంథమే వెదకువారికి లేనిదైనది. రోమను లిపిలో చూచినది కలయో, కళయో, కాలమో ఎవరు చెప్పగలరు? తెలుగు లిపికి యూనికోడులో 1991లోనే స్థానము లభించినది. లోపించినది సాధనము కాదు; తెలిసినవారి చేయి.

ఆ తెలిసినవారు ఏటేట ఉద్యోగవిరమణ చేయుచున్నారు. వారి వెంట వారి జ్ఞానమును పోవుచున్నది. కార్డులు పాతకాగితములలోనికి పోయినచో, వాటిపై వారు చేసిన దిద్దుబాట్లును పోవును. వృద్ధ గ్రంథపాలకునికి మీటలు నొక్కుట నేర్పినంత మాత్రమున ఆధునికీకరణము ముగియదు. అతడు నేర్వవలసినంత అతనినుండి నేర్వవలసియు నున్నది. విశ్వవిద్యాలయములును గ్రంథాలయ సంస్థలును కూడి, విరమించినవారిని గౌరవముతో పిలిచి, తెలుగు గ్రంథకర్తల ఇంటిపేర్లు, కలముపేర్లు, నామాంతరములతో ప్రామాణికమైన పట్టిక నొకదానిని తెలుగు లిపిలోనే సిద్ధము చేయింపవలెను. అది ఒకసారి సిద్ధమైనచో అన్ని గ్రంథాలయములకును ఉపకరించును.

గ్రంథపాలకులకును ఒక మనవి. "మా కాలమున ఇట్లు లేదు" అని దూరముగా కూర్చుండుట తగదు. కార్డుపై అక్షరము తప్పుపోకుండ కాపాడిన శ్రద్ధయే తెరపైని అక్షరమునకును కావలసియున్నది. యంత్రము వెదకగలదు, దేనిని దేనితో కలుపవలెనో, దేనిని దేనినుండి వేరుపరుపవలెనో చెప్పవలసినవారు మీరే. చెప్పుటకు మీరును, వినుటకు ప్రభుత్వమును ఇంకను ఆలస్యము చేయకుందురుగాక.