గడప లోపలి చెప్పులు

'సర్దుకుపోవడం' అనే మాటతో మన పరిచయం ఈనాటిది కాదు. పెళ్లయిన కొత్తలో అత్తవారింటికి సర్దుకుపోవాలి. ఉద్యోగం వచ్చాక రెండు చాకిరీలకీ సర్దుకుపోవాలి. పిల్లలు పుట్టాక నిద్ర లేకపోవడానికి సర్దుకుపోవాలి. ఈ మాట మీద మనం ఎన్నో కథలు రాశాం, కవితలు రాశాం, సదస్సులు పెట్టుకుని గొంతులు పోయేలా వాదించుకున్నాం. అయినా అది మనల్ని వదల్లేదు. ఇప్పుడు అరికాళ్ల కిందికి కూడా వచ్చి చేరింది.

నాకు ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. మన వాళ్లు కీళ్లవాతం అంటారు. కిందటేడు విజయవాడలో నా పాదాల అచ్చులు తీసి, వాటికి తగినట్టు ఇన్‌సోల్స్ తయారుచేసి ఇచ్చారు. వాటితోపాటు ఒక కాగితం కూడా చేతిలో పెట్టారు. మొదటిరోజు గంటసేపు, రెండోరోజు రెండు గంటలు, అలా పెంచుకుంటూ పోతే మూడు నాలుగు వారాల్లో పాదం సర్దుకుంటుందని అందులో ఉంది. పాదం సర్దుకుంది. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. నా పేచీ ఆ కాగితంలో లేని సంగతి గురించి. ఇన్‌సోల్ పనిచెయ్యాలంటే అది బూటులో ఉండాలి, బూటు కాలికి ఉండాలి. మన ఇళ్లలో ఆడదాని కాలికి అసలైన పని మొదలయ్యేది బూట్లు విప్పాకే!

ముందు ఈ జబ్బు గురించి కొంత చెప్పాలి. వయసు మీదపడి కీళ్లు అరిగితే వచ్చే మోకాళ్ల నొప్పి వేరు, ఇది వేరు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఇందులో కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు 2 నుంచి 3 రెట్లు ఎక్కువగా వస్తుంది. చేతివేళ్ల కీళ్లు, పాదాల్లోని చిన్న కీళ్లు తరచుగా ముందు చిక్కుతాయి. జబ్బు ముదిరిన పాదంలో వేళ్ల మొదళ్ల దగ్గరి ఎముకలు కిందికి దిగుతాయి. వాటి కింద దిండులా ఉండాల్సిన కొవ్వు ముందుకు జరిగిపోతుంది. అప్పుడు నున్నటి గచ్చు మీద నడిచినా గులకరాళ్ల మీద నడిచినట్టే ఉంటుంది. ఇన్‌సోల్ ఈ జబ్బును నయం చెయ్యదు. దానికి మందులు వాడాల్సిందే. ఇన్‌సోల్ చేసేదల్లా బరువును పంచడం. వేళ్ల మొదళ్ల మీద పడే బరువులో కొంత పాదం వంపు మీదికీ కొంత మడమ మీదికీ మళ్లిస్తుంది. వేళ్ల మొదళ్లకు కాస్త వెనకగా చిన్న ఉబ్బులాంటి మెత్త ఒకటి ఉంటుంది. అది కొద్దిగా అటూ ఇటూ అయినా పాత నొప్పి పోకపోగా కొత్త నొప్పి వస్తుంది. అందుకే ఒకటికి రెండుసార్లు వెళ్లి సరిచేయించుకోవాలి.

బరువు పంచుకోమని ఇంట్లో మనుషుల్ని ఎన్ని తరాలుగా అడుగుతున్నాం! రబ్బరు ముక్కకు అర్థమైనది మనిషికి ఎందుకు అర్థం కాదు?

నా రోజును ఒకసారి గంటల్లో లెక్కవేశాను. ఈ జబ్బులో పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. అవి సడలడానికి గంట, ఒక్కోరోజు అంతకన్నా ఎక్కువే పడుతుంది. సరిగ్గా ఆ గంటలోనే పాలు, కాఫీ, టిఫిను, క్యారేజీలు. గ్రానైటు గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడాలి. సాయంత్రం మళ్లీ అంతే. మొత్తం మీద రోజుకు సుమారు ఏడు గంటలు నిలబడతాను. అందులో బస్సుకోసం, పాఠం చెప్పడం కోసం బూట్లతో నిలబడేది రెండున్నర గంటలు. మిగతా నాలుగున్నర గంటలూ, వేలకు వేలు పోసి చేయించుకున్న ఆ సాధనం గుమ్మం బయట బూట్లలో పడి ఉంటుంది. మా ఇంట్లో విశ్రాంతి దొరికేది దానికొక్కదానికే.

"ఇంట్లో కూడా వేసుకోవచ్చు కదా" అన్నారు తయారుచేసినవాళ్లు. ఎవరింట్లో? మా అత్తగారు మంచి మనిషి. నా చేతివేళ్లు వాచిన రోజు చపాతీ పిండి తనే కలుపుతుంది. కానీ వంటింట్లో చెప్పులు అనేసరికి, "వద్దమ్మా, లక్ష్మి నిలవదు" అంది. అదే ఇంట్లో మామగారికి షుగరు. కాలికి దెబ్బ తగిలితే మానదని, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమని డాక్టరు చెప్పిన సాయంత్రమే ఆయనకు మెత్తటి చెప్పులు వచ్చాయి. హాల్లో తిరుగుతారు, వరండాలో తిరుగుతారు. లక్ష్మికి అభ్యంతరం లేదు. ఎందుకంటే ఆయనకు వంటింట్లో పనిలేదు! నిషేధం ఇల్లంతటికీ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, అది గట్టిగా అమలయ్యేది స్త్రీ నిలబడే ఆ పది అడుగుల చోటులోనే.

ఈ మడి ఎక్కడిదో మనందరికీ తెలుసు. చెప్పు అంటే తోలు, తోలు అంటే ఊరికి అవతల ఉన్న మాదిగవాడ. పెత్తందార్ల వీధిలోంచి వెళ్లాలంటే దళితులు చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాల్సిన రోజులు మన ఊళ్లలో మరీ పాతవేం కావు. జాషువా 1941లో 'గబ్బిలం'లో నాయకుణ్ణి చేసి నిలబెట్టింది చెప్పులు కుట్టే చర్మకారుణ్ణే. కాళ్లకు రక్షణ ఇచ్చే చేతుల్ని ఊరి బయట పెట్టిన ఆచారమే, ఆ రక్షణ అక్కరపడిన కాళ్లను వంటింటి గడప దగ్గర ఆపుతోంది. రెండూ ఒకే బాధ అని నేను అనడం లేదు. ఒకటి మనిషినే వెలివేసింది, రెండోది ఒక వస్తువును వెలివేసింది. అయితే రెండింటి వెనకా ఉన్న శుద్ధి భావన ఒకటే. నా ఇన్‌సోల్‌లో తోలు ముక్క కూడా లేదు, నురుగు రబ్బరూ ప్లాస్టిక్కూ తప్ప. అయినా ఆచారానికి వస్తువుతో పనిలేదు, పేరు చాలు.

గుడి ముందు చెప్పులు విప్పడం గురించి నేను మాట్లాడటం లేదు. ఇంద్రకీలాద్రి మీద గడిపే గంటకూ ఏడాదికి మూడువందల అరవై ఐదు రోజులు వంటింట్లో గడిపే గంటలకూ పోలిక లేదు. శుభ్రత సంగతంటారా, వీధిలో తొడిగిన జతను లోపలికి తెమ్మని ఎవరూ అడగడం లేదు. ఆపరేషన్ థియేటర్‌లో కూడా లోపలికోసం వేరే చెప్పులుంటాయి. మన వంటిళ్లు అంతకంటే శుభ్రమైనవా?

పోనీ, గడప బయటైనా సుఖముందా? బీసెంట్ రోడ్డులో నాలుగు దుకాణాలు తిరిగి చూడండి. ఇన్‌సోల్ పట్టాలంటే బూటుకు లోతు ఉండాలి, మడమ దగ్గర గట్టిగా ఉండాలి, లోపలున్న అట్ట ఊడి రావాలి. ఆడవాళ్ల అరల్లో ఉన్నవి దాదాపుగా పలచటి అట్టలు అతికించినవి, ముందుభాగం సన్నగా మొనతేలినవి. ఇక ఎత్తుమడమల సంగతి చెప్పక్కర్లేదు. అవి బరువునంతా తెచ్చి ఆ వాచిన కీళ్లమీదే వేస్తాయి. చివరికి మగపిల్లల అరలోంచి ఒక జత కొనుక్కున్నాను. వాటి మీద చీర కట్టుకుని క్లాసుకి వెళ్తే పిల్లలు నవ్వలేదు, తోటి అధ్యాపకులు నవ్వారు. మే నెలలో విజయవాడ ఎండలో మేజోళ్లతో, మూసిన బూట్లతో నడవడం ఎలా ఉంటుందో ఆ నవ్విన వాళ్లు ఒక్కరోజు చూడాలి.

మెట్టెల సంగతి కూడా చెప్పుకోవాలి. పెళ్లిలో రెండో వేలికి తొడిగిన వెండి చుట్టు ఆ వేలి మొదలు వాచినప్పుడు ఉచ్చులా బిగుసుకుంటుంది. బయటికి రాదు, లోపల ఒత్తుతుంది. ఒకరోజు కంసాలి దగ్గరికి వెళ్లి కోయించుకున్నాను. కాలి వాపు చూడటానికి రాని బంధువులు కాలికి మెట్టెలు లేవని తెలిసి ఫోన్లు చేశారు! పారాణి పెట్టడానికీ, పట్టీలు తొడగడానికీ, అదృష్టం లెక్కగట్టడానికీ మన పాదం అందరికీ కావాలి. నొప్పి పుట్టినప్పుడు మాత్రం అది మన ఒక్కరిదే అవుతుంది.

ఈ మాటలు చెబితే మన మిత్రులే కొందరు అడిగారు, "ఇది బూట్లు కొనుక్కోగల వాళ్ల గొడవ కదా? బురదలో దిగే వాళ్ల మాటేమిటి?" అని. సరైన ప్రశ్నే. ప్రకాశం బ్యారేజి నుంచి కాలవలకు నీళ్లు వదిలాక డెల్టాలో నడుం వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ నాట్లు వేసేది స్త్రీలే. వెదజల్లే పద్ధతి, యంత్రాలు వచ్చి ఆ పని కొంత తగ్గినా కలుపుతీత ఉంది. వరి తర్వాత మినుము పీకే పని ఉంది. పామర్రు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ఆ పనికి వెళ్లే ఒకావిడ చేతివేళ్లు నా వేళ్లలాగే వంకర్లు తిరుగుతున్నాయి. ఆమెకు తెలిసిన వైద్యం ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి సూది. ఈ జబ్బుకు సరైన మందులు తొందరగా మొదలుపెట్టకపోతే పాడైన కీలు మళ్లీ బాగుపడదు. అంటే ఆమె కోల్పోతున్నది ఇన్‌సోల్ కంటే చాలా పెద్దది. ఆమె నొప్పిని 'పనిచేసేవాళ్లకు మామూలే' అన్నారు, నా నొప్పిని 'చదువుకున్నదాని సుకుమారం' అన్నారు. పేర్లు వేరు, కొట్టివేత ఒకటే. ఆమె పొలం నుంచి వచ్చాక పొయ్యి దగ్గర నిలబడేదీ వట్టి కాళ్లతోనే.

సాధనాన్ని మనిషి బతుక్కి తగ్గట్టు మార్చడం ఈ దేశానికి చేతకాదా అంటే, చాలాకాలం కిందటే చేసి చూపించింది. 1960ల చివర్లో జైపూర్‌లో డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి కృత్రిమ పాదం తయారుచేశారు. అంతకుముందు వచ్చిన పాశ్చాత్య పాదం బూటులో పెట్టుకోవడానికి చేసింది. దానితో గొంతుక్కూర్చోలేరు, వట్టి కాళ్లతో తిరగలేరు, బురద పొలంలో దిగలేరు. జైపూర్ పాదంతో ఇవన్నీ సాధ్యమయ్యాయి. సేథీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. అంతకన్నా ముందే, 1946లో వెల్లూరు చేరిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాలకు పుళ్లు ఎందుకు పడుతున్నాయో పరిశీలించి, ఒత్తిడి తగ్గించే పాదరక్షల మీద పనిచేశారు. మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరుతో చేసే ఆ ఎంసీఆర్ చెప్పుల్నే ఇప్పుడు షుగరు రోగులూ వాడుతున్నారు. వెనక పట్టీ ఉంటుంది, గాలి ఆడుతుంది, కడిగి ఆరబెట్టుకోవచ్చు. మన వంటిళ్లకు కావలసింది దాదాపుగా ఇదే కదా! పాదం అచ్చుకు తగ్గట్టు పైభాగం మలిచిన, నీళ్లలో తడిసినా జారని ఇంటి చెప్పు. ఇది చెయ్యడానికి కొత్త విజ్ఞానం ఏదీ అక్కర్లేదు. వంటింట్లో నిలబడటం కూడా పనే అని గుర్తించాలి, అంతే.

చట్టానికీ ఆ గుర్తింపు లేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చినప్పుడు వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగింది. అందులో ఈ జబ్బు పేరు విడిగా లేదు. చలన వైకల్యం కింద కొలిచి 40 శాతం వస్తేనే ప్రధానమైన హక్కులు వర్తిస్తాయి. కీలు ఎంత వంగుతుంది, కండరానికి ఎంత బలముంది వంటివి కొలుస్తారు. పొద్దున్నే బిగుసుకుపోయిన కాళ్లతో ఎంతమందికి వండావని ఎవరూ అడగరు.

మనమైనా అడిగామా? ఓల్గా 'రాజకీయ కథలు' స్త్రీ శరీరం చుట్టూ ఉన్న రాజకీయాన్ని విప్పి చూపించాయి. విమల 'వంటిల్లు' కవిత ఒక తరాన్ని కదిలించింది. ఆ వంటింట్లో నిలబడ్డ పాదాల మీద మాత్రం, నేను చదివినంతలో, మన సాహిత్యం చూపు పెద్దగా నిలవలేదు. జబ్బుపడ్డ స్త్రీ మన కథల్లో ఎక్కువగా త్యాగమూర్తిగానో, చనిపోయే పాత్రగానో వస్తుంది. జబ్బుతో ముప్పై నలభై ఏళ్లు బతుకుతూ, పని చేస్తూ, కోప్పడుతూ ఉండే స్త్రీ ఎక్కడ?

అందుకే నేను అడిగేవి చాలా మామూలు విషయాలు. పాదాల అచ్చు తీసేవాళ్లు, రోజుకు ఎన్ని గంటలు వట్టి కాళ్లతో నిలబడతావని ముందు అడగాలి. బూటుకు ఒకటి, ఇంటికి ఒకటి చెయ్యాలి. బూట్లు తయారుచేసేవాళ్లకు ఆడవాళ్లకూ పాదాల్లో ఎముకలు ఉంటాయని తెలియాలి. కాలేజీల్లో పాఠం చెప్పే మనిషికి ఒక కుర్చీ ఉండాలి. వేళ్లు వాచి వచ్చిన కూలిమనిషిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నొప్పి బిళ్లతో పంపెయ్యకుండా పరీక్షకు పంపాలి. ఇక ఇంట్లో, పొద్దున ఆ మొదటి గంట వంట కాళ్లు సవ్యంగా ఉన్నవాళ్లు చెయ్యాలి.

ఇవన్నీ జరిగేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. ఒక కొత్త జత చెప్పులు గడప లోపలికి తెచ్చుకోండి. అనుమతి అడగొద్దు. అప్పుడు మీ ఇంట్లో ఎవరు ఏమన్నారో రాసి పంపండి. ఆ మాటలతో మనకు చాలా పనుంది.