యానాం కేక కాకినాడకు వినిపించాలంటే...

1996 నవంబరు 6. ఆ రాత్రి కోనసీమ మీద తుపాను విరుచుకుపడింది. అప్పటికి నాకు ఆరేళ్లు. మేం కాకినాడలో ఉండేవాళ్లం. అమ్మ పుట్టిల్లు యానాం. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే రెండు ఊళ్ల మధ్యా ఇంచుమించు 27 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో బస్సెక్కితే గంట ప్రయాణం. ఆ రాత్రి గడిచాక మాత్రం యానాం ఎక్కడో సముద్రం అవతల ఉన్నట్టయిపోయింది. ఫోను మోగదు. రోడ్డంతా చెట్లు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయని ఎవరో ఒకరు చెప్పడం, అమ్మ గుమ్మంలో కూలబడిపోవడం నాకింకా గుర్తే. వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన తుపాను అది.

మూడోరోజు సాయంత్రం ముక్కూమొహం తెలియని మనిషొకాయన సైకిలు మీద వచ్చి చీటీ ఒకటి చేతిలో పెట్టాడు. 'అందరం క్షేమం' అని మావయ్య రాత. అది చదివాకే మా ఇంట్లో పొయ్యి వెలిగింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న యానాం వెళ్తే మావయ్య కొడుకు డాబా మీదకు తీసుకెళ్లి ఇనుప గొట్టం ఒకటి చూపించాడు. మావాడు హామ్. అంటే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని సొంతంగా వైర్‌లెస్ సెట్టు నడుపుకునే మనిషి. 'బావా, ఇక్కడ రిపీటర్ పెడితే ఇటు కాకినాడ, అటు అమలాపురం అందుకోవాలి. క్లబ్బు మిత్రులతో కలిసి అనుమతికి రాస్తున్నాం' అన్నాడు. కింద పడక్కుర్చీలోంచి మావయ్య అందుకున్నాడు. 'ఆయ్! చేతిలో సెల్లుండగా ఈ గొట్టాలెందుకురా?'

మావాడు ఒక్కటే అడిగాడు. 'నాన్నా, హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో సెల్లులేమయ్యాయి?' మావయ్య మళ్లీ మాట్లాడలేదు. 2014 అక్టోబరు 12న అంత పెద్ద నగరంలో కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి మరి!

రేవులో కేక

అసలు రిపీటర్ అంటే ఏమిటి? యానాం వాళ్లకు చెప్పడం తేలిక. ఎదుర్లంక వారధి రాకముందు గౌతమి దాటాలంటే పంటే దిక్కు. ఈ గట్టున నిలబడి కేకేస్తే ఆ గట్టుకు వినపడదు. నది మధ్యలో వలేసుకుంటున్నవాడు విని, అటు తిరిగి మళ్లీ కేకేస్తే వినపడుతుంది. రిపీటర్ చేసేదీ అంతే. ఒక ఫ్రీక్వెన్సీ మీద వింటుంది. విన్నది విన్నట్టే అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీ మీద గట్టిగా చెబుతుంది. ఉదాహరణకు 145 మెగాహెర్ట్జ్ మీద విని, 145.6 మీద చెప్పడం.

అండమాన్ నుంచి ప్రపంచానికి కబురు పంపాలంటే వేరే రకం రేడియో కావాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీప్రసాద్ బృందం చేసిందదే. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున హామ్ ప్రసారాలకని వెళ్లినవాళ్లు, ఆ ఉదయం నుంచీ అక్కడి వార్తలు బయటికి చేరవేసే పనిలో పడ్డారు. వాళ్లు వాడిన షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలోని పొరను తాకి, వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. మన వాకీటాకీ తరంగాలు అలా కాదు. దాదాపు చూపు ఆనినంత మేరకే వెళ్తాయి. అందుకే పక్క ఊరితో మాటకు రిపీటర్ కావాలి.

డాబా ఎత్తు ఎంత?

ఎంత దూరం వెళ్తాయో లెక్క కట్టొచ్చు. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. మనిషి చేతిలో సెట్టు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటుంది కాబట్టి దాని చూపు అయిదు కిలోమీటర్లు. రెండంతస్తుల డాబా, దానిపై గొట్టం కలిపి 12 మీటర్లనుకుంటే 14 కిలోమీటర్లు. రెండూ కూడితే 19. అంటే ముమ్మిడివరం అందుతుంది. కాకినాడ, అమలాపురం అందవు. ఆ రెండూ యానానికి 27 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి.

ఎత్తు రెట్టింపు చేస్తే దూరం రెట్టింపవుతుందా? కాదు. నాలుగింతలు చేయాలి. 25 మీటర్ల స్తంభం వేస్తే 20 కిలోమీటర్ల పైచిలుకు. అప్పుడు కాకినాడ వాడు సెట్టు పట్టుకుని తన డాబా ఎక్కితే చాలు, రిపీటర్‌కు దొరుకుతాడు. గోదారి గట్టున వంద మీటర్ల ఎత్తున నిలబెట్టిన యానాం టవర్ లాంటిదాని మీద యాంటెన్నా ఉంటే చూపు 41 కిలోమీటర్లు! విశాఖ వాళ్లకు కొండలున్నాయి. మన లంకల్లో ఎత్తంటే గుడి గోపురం, నీళ్ల ట్యాంకు, కొబ్బరిచెట్టు. ఆ చెట్టుతోనే చిక్కు. తడిసిన మట్టలు తరంగాన్ని మింగేస్తాయి. కాబట్టి యాంటెన్నా చెట్ల తలలు దాటాల్సిందే.

చెవిలో అరిస్తే...

సామాన్లు చాలా లేవు. వినే సెట్టొకటి, చెప్పే సెట్టొకటి. రెండింటినీ కలిపే చిన్న కంట్రోలర్. 13.8 వోల్టుల పవర్ సప్లయ్, బ్యాటరీ, మంచి కేబుల్, నిలువు యాంటెన్నా. పాత వాహనాల సెట్లతోనూ మొదలుపెట్టొచ్చు. అయితే అవి గంటల తరబడి మాట్లాడటానికి చేసినవి కావు, వేడెక్కిపోతాయి. వెనక ఫ్యాను పెట్టాలి. ఎవరైనా బటన్ వదలడం మరిచిపోతే మూడు నిమిషాలకు నోరు మూయించే టైమరూ ఉండాలి.

అసలు కష్టం వేరే ఉంది. వినేదీ, చెప్పేదీ ఒకే యాంటెన్నా. ఒకే సమయంలో. దూరం నుంచి వచ్చే సంకేతం వోల్టులో పదిలక్షల వంతు కూడా ఉండదు. పక్కనే పాతిక వాట్లతో అరుస్తున్న సెట్టు! పెళ్లిపందిట్లో బ్యాండు పక్కన నిలబడి గుసగుస వినమన్నట్టే. అందుకే మధ్యలో డ్యూప్లెక్సర్ అనే లోహపు డబ్బాల వరస పెడతారు. ఒక్కో డబ్బాను ఒక్కో ఫ్రీక్వెన్సీకి శ్రుతి చేస్తారు. చెప్పే సెట్టు బలం వినే సెట్టు దగ్గరికి వచ్చేసరికి పది కోట్లలో ఒక వంతుకు తగ్గితే తప్ప పని జరగదు.

మావాడు మొదటిసారి ఇక్కడే బోల్తాపడ్డాడు. గాల్లోకి ఏమీ వెళ్లకుండా యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ తగిలించి బల్లమీద పరీక్షించాడు. చెప్పే సెట్టు ఆపి ఉంచితే సన్నటి సంకేతం కూడా శుభ్రంగా వినిపించింది. అది ఆన్ కాగానే గరగర! 'మాట రాగానే చెవుడు వస్తోంది బావా' అన్నాడు. ఈ జబ్బు ముదిరితే రిపీటర్ దూరాలకు వినిపిస్తుంది కానీ దూరం వాళ్లది వినదు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. అందలేదని వాట్లు పెంచుతారు. అలా చేస్తే చెవుడు ఇంకా పెరుగుతుంది. రిపీటర్‌కు ముందు చెవి బాగుండాలి. నోటి సంగతి తర్వాత. మావాడు నాలుగు ఆదివారాలు కూర్చుని డబ్బాలు మళ్లీ శ్రుతి చేసుకున్నాడు. రెండు కేబుల్ ముక్కలు మార్చాడు. గరగర పోయింది.

ఉప్పుగాలి తినేస్తుంది

కేబుల్ దగ్గర పిసినారితనం పనికిరాదు. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు వేస్తే సెట్టు ఇచ్చిన బలంలో నాలుగో వంతే యాంటెన్నాకు చేరుతుంది. లావుపాటి ఆర్‌జీ-213 అయితే సగానికి పైగా చేరుతుంది. వచ్చే సంకేతానికీ ఇదే నష్టం. అంటే కేబుల్ మార్చితే చెవీ, నోరూ రెండూ బాగుపడతాయి.

ఇక మన సముద్రపు గాలి. ఎంత మంచి కనెక్టరయినా రెండు వానాకాలాలకు పచ్చబారుతుంది. అతుకుల మీద తమలో తామే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టాలి. కేబుల్ కిటికీలోంచి లోపలికి వచ్చేముందు ఒక వంపు కిందకు వదలాలి. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. స్తంభానికి ఎర్తు, కేబుల్‌కు పిడుగు నిరోధకం తప్పనిసరి. తుపానుకు ముందు, తర్వాత స్తంభం లాగుతాళ్లు చూసుకోవాలి. నట్టూ బోల్టూ పట్టించుకోకపోతే మన రిపీటరే పక్కింటి పెంకుల మీద పడుతుంది.

ఇన్వర్టర్లు, కొన్ని ఎల్‌ఈడీ దీపాలు చేసే రొదకు కూడా రిపీటర్ నోరు తెరుస్తుంటుంది. దానికి మందు సన్నటి స్వరం. సెట్టు మాటతో పాటు చెవికి తెలియని ఒక స్వరాన్ని పంపుతుంది. 88.5 హెర్ట్జ్ అనుకోండి. అది వినపడితేనే రిపీటర్ పలుకుతుంది. ఇంట్లోవాళ్లు కొట్టే తలుపు చప్పుడు మనకు తెలిసిపోయినట్టే!

వాట్లు తగ్గిస్తే బతుకుతుంది

తుపాను రాత్రి కరెంటు ఉండదు. అప్పుడెంతసేపు నిలుస్తుంది? పాతిక వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు ఆరు ఆంపియర్లు తాగుతుంది. అయిదింట ఒక వంతు సమయం మాటలు నడుస్తాయనుకుంటే, మిగతా ఖర్చులతో కలిపి సగటున రెండు ఆంపియర్లు. లారీ బ్యాటరీలాంటి వంద ఆంపియర్ అవర్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు. అంటే ఒక్క రోజే. అదే వాట్లు పదికి తగ్గిస్తే దాదాపు రోజున్నర దాటి వస్తుంది. మరి మాట తగ్గిపోదా? పాతిక నుంచి పదికి దిగితే అవతలివాడికి తేడా పెద్దగా తెలియదు. పగలు సోలార్ పలక సాయముంటే ఇంకా మంచిది.

బ్యాటరీని ఎక్కడ పెడుతున్నామన్నదీ ముఖ్యమే. 2022 జులైలో గోదారి యానాం వీధుల్లోకి వచ్చింది. కింది గదిలో పెట్టిన బ్యాటరీ నీళ్లలో మునిగితే ఆకాశంలోని యాంటెన్నా ఏం చేస్తుంది? మావాడు సరంజామా అంతా మేడ మీది గదికి మార్చాడు. ఆ గదిలో ఎండు మిరపకాయలు దాచుకునే అత్తయ్యతో చిన్నపాటి యుద్ధమే జరిగింది. చివరికి మిరపకాయలే దిగొచ్చాయి.

లైసెన్సు ఉందా?

చదివి ఉత్సాహం వచ్చిందా? ఒక్క క్షణం. లైసెన్సు లేకుండా ఈ సెట్టు బటన్ నొక్కడం నేరం. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని కొనుక్కుంటే మర్నాడు చిక్కుల్లో పడతాం. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ బలంతో పనిచేసే చిన్న సెట్లకు 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు. అవి తోటలోనో, పెళ్లింట్లోనో పిలుచుకోవడానికే. ఆ మినహాయింపు రిపీటర్‌కు వర్తించదు.

హామ్ కావాలంటే పన్నెండేళ్లు నిండితే చాలు. రేడియో సూత్రాలు, నిబంధనల మీద పరీక్ష ఉంటుంది. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నిర్వహిస్తుంది. మొదటి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ అవసరం లేదు. హైదరాబాద్‌లో 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఎందరికో ఈ విద్య నేర్పింది. రిపీటర్‌కు విడిగా అనుమతి తీసుకోవాలి. అందుకే వాటిని ఎక్కువగా క్లబ్బులే నడుపుతుంటాయి. ఒకరి వల్ల అయ్యే పనీ కాదది. స్తంభం ఎక్కేవాళ్లొకరు, బ్యాటరీ చూసేవాళ్లొకరు ఉండాలి. ఇక్కడ వ్యాపారం మాటలు, రహస్యాలు కుదరవు. మీ మాట అందరూ వింటారు.

అన్నిటికంటే పెద్ద మరమ్మతు ఇంకొకటి ఉందన్నాడు మావాడు. రిపీటర్‌ను రోజూ వాడటం. సాయంత్రం ఒక వేళ పెట్టుకుని, ఊరూరి నుంచి ఒక్కొక్కరూ పలకాలి. ఎవరి గొంతు నిన్నటికంటే గరగరగా ఉందో అప్పుడే తెలుస్తుంది. కనెక్టర్ చెడిందో, బ్యాటరీ ముసలిదైందో ఆ రోజే బయటపడుతుంది. ఏడాదంతా మూలన పెట్టి, తుపాను రాత్రి మీట నొక్కితే పలకమంటే ఏ యంత్రం పలుకుతుంది?

కిందకు దిగొచ్చేసరికి మావయ్య చల్లబడ్డాడు. 'ఒరేయ్, అనుమతి వచ్చి అది పలకడం మొదలెట్టాక మీ అత్తకు కూడా ఒక సెట్టు కొనిపెట్టు. మొదట పరీక్ష రాయించు' అన్నాడు కొడుకుతో. మా అమ్మ సంగతే!

కాకినాడ వచ్చి అమ్మకు ఇదంతా చెప్పాను. డ్యూప్లెక్సరూ, మెగాహెర్ట్జులూ ఆవిడకు పట్టలేదు. ఒకటే అడిగింది. 'ఆ మూడు రోజులూ ఇది ఉండుంటే, క్షేమంగా ఉన్నామన్న మాట ఆ రాత్రే వినపడేదంటావా?'

గొట్టం నిలబడి ఉంటే, బ్యాటరీ తడవకపోతే, ఇక్కడా అక్కడా వినేవాళ్లు మేలుకుని ఉంటే... వినపడేదమ్మా అన్నాను.

'అయితే నాకా పరీక్ష పుస్తకం తెప్పించు' అంది.