రాఖీ కట్టిన చేతికి వాటా ఏది?

శ్రావణ పున్నమి వచ్చిందంటే మన వాడల్లో కూడా రాఖీల సందడే. బస్సులు ఎంత కిక్కిరిసినా అక్కచెల్లెళ్లు పుట్టింటికి వస్తారు. అన్నదమ్ములు చీర పెడతారు, చేతిలో ఇంత నోటు పెడతారు. ఈ ప్రేమను మేము తప్పుపట్టడం లేదు. కూలినాలి చేసుకునే ఆడబిడ్డకు పుట్టిల్లే కదా దిక్కు.

మేము అడిగేది ఒక్కటే. అదే చెల్లెలు 'నాయిన భూమిల నాకూ వాటా ఉంది' అంటే ఏమైతది? 'కట్నమిచ్చి పంపినం గదా' అంటారు. గడప తొక్కొద్దంటారు. ఆ భయంతోనే ఎందరో ఆడబిడ్డలు అడిగిన కాగితం మీద వేలిముద్ర వేసి పోతున్నరు. కాపాడుతానని మాటిచ్చినోడే వాటా మింగితే ఇక ఆ రక్ష ఎవరి నుంచి?

కొడుకుతో సమానంగా బిడ్డకూ వాటా ఉండాలని బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లు కోసం కొట్లాడాడు. దాన్ని పక్కన పెట్టారనే 1951లో మంత్రి పదవి వదులుకున్నాడు. 1956 చట్టం తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కును కొడుకులకే మిగిల్చింది. 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం బిడ్డలకూ ఆ హక్కు ఇచ్చింది గానీ, 1985 సెప్టెంబర్ 5కు ముందు పెళ్లయినోళ్లను వదిలేసింది. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. 2020 ఆగస్టు 11న, ఆ ఏటి రాఖీ అయిన ఎనిమిదో రోజున, సుప్రీంకోర్టు తేల్చింది: బిడ్డకు హక్కు పుట్టుకతోనే వస్తది, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడలేం. చర్చికి పోయే కుటుంబాలకు వర్తించే 1925 వారసత్వ చట్టంలోనూ, వీలునామా లేకుంటే కొడుకూ బిడ్డా సమానమే.

'మనకున్నదే అరెకరం, అందులో వాటా ఏంది?' అనే తమ్ముళ్లకు ఒక మాట. చెమటోడ్చినోళ్లదే భూమి అని దొరల ముందు మనమే అన్నం. మరి ఆ అరెకరంలో నాట్లేసిందెవరు, కలుపు తీసిందెవరు? దొర ముందు ఒక న్యాయం, ఇంట్లో ఒక న్యాయం చెల్లదు.

కార్యకర్తలారా! ఈ పున్నమికి ఆడబిడ్డలు వాడకు వచ్చినప్పుడే వాళ్లను కూర్చోబెట్టి చట్టం చదివి వినిపించండి. అర్థంకాని కాగితం మీద వేలు పెట్టొద్దని చెప్పండి. తండ్రి పోయాక పట్టా మార్చేటప్పుడు వారసుల్లో బిడ్డల పేర్లూ రాయించండి. అన్నలారా, చెల్లెకు చీర పెట్టండి. చీరతో సరిపెట్టకండి.

జైభీం!